పదో నంబర్ ఆటగాళ్ళు

ఇప్పటి ఫుట్‌బాల్ చూస్తుంటే ఒక మనిషి లేని లోటు నాకు బాగా తెలుస్తుంది. మైదానం నడిమధ్యలో తాపీగా నడుస్తూ, బంతి వెంట పడకుండా, మెడ తిప్పి అటూ ఇటూ చూసుకుంటూ ఉండేవాడు ఆ మనిషి. బంతి అతని కాలి దగ్గరికి చేరగానే ఎదుటి జట్టు మొత్తం తడబడేది, ఇప్పుడేం చేస్తాడోనని. అతను మాత్రం కంగారు పడేవాడు కాదు. బంతి మీద కాలు వేసి, ఒక్క క్షణం ఆగి, ఎవరూ ఊహించని చోటికి పంపేవాడు. అతని వీపు మీద 10 అని ఉండేది.

నా ఈడు అభిమానులకు ఆ అంకె చెబితే చాలు, పేర్లు వరసగా వచ్చేస్తాయి. మారడోనా, ప్లాతినీ, జికో. వాళ్ళ తర్వాత హాజీ, వాల్డెరామా, స్టోయ్‌కోవిచ్, బాజియో. ఇంకాస్త ఆలస్యంగా వచ్చిన రికెల్మే. పెలే 1958 ప్రపంచ కప్‌లో పదిహేడేళ్ళ వయసులో వేసుకున్నప్పటి నుంచి ఆ జెర్సీకి ఒక గౌరవం వచ్చింది. జట్టులో ఆట తెలిసినవాడికే అది ఇచ్చేవాళ్ళు. వీళ్ళంతా గోల్స్ బాగానే కొట్టారు. అయినా నేను వీళ్ళను తలుచుకునేది వాళ్ళిచ్చిన పాస్‌ల కోసం.

నేను మొదటిసారి శ్రద్ధగా చూసింది 1986 మెక్సికో ప్రపంచ కప్. యూరప్ ప్రేక్షకులకు అనువుగా ఉండాలని చాలా మ్యాచ్‌లు మిట్టమధ్యాహ్నం మండుటెండలో పెట్టారు. మనం రాత్రి నిద్ర మానుకుని చూసేవాళ్ళం. అందరిలాగే నా కళ్ళూ బంతి మీదే ఉండేవి. మా అన్నయ్య ఒకటే మాట అనేవాడు: "బంతిని తర్వాత చూద్దువు గానీ, బంతి రాకముందు పదో నంబర్ వాడు ఎటు చూస్తున్నాడో అది చూడరా." ఆ మాట పట్టుకున్నాక ఆట నాకు వేరేగా కనిపించడం మొదలైంది.

ఆ టోర్నీ అనగానే జూన్ 22న అజ్‌టెకా స్టేడియంలో ఇంగ్లండ్‌తో జరిగిన క్వార్టర్ ఫైనలే అందరికీ గుర్తొస్తుంది. మారడోనా చేత్తో కొట్టిన గోల్, నాలుగు నిమిషాల తర్వాత సొంత సగం నుంచి బయల్దేరి, అడ్డొచ్చిన వాళ్ళందరినీ దాటుకుంటూ పోయి, చివరికి గోల్‌కీపర్ షిల్టన్‌ని కూడా తప్పించి కొట్టిన గోల్. ఆ రెండో గోల్ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే నా మనసులో అంతకంటే లోతుగా నాటుకుపోయింది ఫైనల్. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, పశ్చిమ జర్మనీ చివరి ఘట్టంలో రెండూ కొట్టేసి సమం చేసింది. ఆట వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయిందనిపించింది. మాతయస్ రోజంతా మారడోనాని నీడలా వెంటాడాడు. ఎటు తిరిగినా జర్మనీ ఆకుపచ్చ జెర్సీలే. 84వ నిమిషంలో, మైదానం మధ్యలో, చుట్టూ జనం ఉండగా బంతి అతని ముందు పడింది. ఆపి చూసుకునే వ్యవధి కూడా లేదు. ఒక్క తాకుతో బురుచాగా పరిగెత్తబోయే దారిలోకి తోసేశాడు. గోల్, 3-2, కప్పు. ఆ తాకుకు ముందే అతను అటు చూసి పెట్టుకున్నాడని నాకు అన్నయ్య మాట వల్లే అర్థమైంది.

అర్జెంటీనా ఆ టోర్నీలో కొట్టిన 14 గోల్స్‌లో 5 అతనివి, మరో 5 అతను అందించినవి. ఒంటిచేత్తో గెలిపించాడని అంటారు గానీ, నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. బురుచాగా, వాల్డానో, ఎన్రికే లాంటి వాళ్ళు ఆ పాస్ వస్తుందని నమ్మి పరిగెత్తారు. పదో నంబర్ ఆటగాడికి కావలసింది ఆ నమ్మకమే.

నాలుగేళ్ళ తర్వాత ఇటలీలో మారడోనా చీలమండ వాచిపోయి, కుంటుతూ ఆడాడు. బ్రెజిల్‌తో ప్రీక్వార్టర్స్‌లో అర్జెంటీనా ఊపిరాడని స్థితిలో ఉంది. బంతి పోస్టులకు తగిలి తగిలి తిరిగి వస్తోంది. ఇక పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అతను మధ్యలో బంతి అందుకుని ముందుకు కదిలాడు. బ్రెజిల్ వాళ్ళు నలుగురు అతని మీదికి వచ్చారు. పడిపోతూ, తన బలమైన ఎడమ కాలితో కాకుండా కుడి కాలితో, వాళ్ళ మధ్య నుంచి కానీజియాకి అందించాడు. కానీజియా ఒంటరిగా ఉన్నాడు. 1-0. ఆ రోజు బ్రెజిల్ అభిమానినైన నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ పాస్‌ని మాత్రం తప్పుపట్టలేకపోయాను.

ప్లాతినీది ఇంకో తీరు. మారడోనాలో ఉన్న కసి, వేడి అతనిలో కనిపించేవి కాదు. జెర్సీ షార్ట్స్ లోంచి బయటికి వేలాడుతూ ఉండేది. తల పైకెత్తి నడిచేవాడు. 1984 యూరో (యూరప్ దేశాల) టోర్నీలో 5 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టాడు, అదీ మిడ్‌ఫీల్డ్ నుంచి వచ్చి! ఒక్క యూరోలో అన్ని గోల్స్ ఇంతవరకు ఇంకెవరూ కొట్టలేదు. ఫ్రాన్స్‌లో అతని పక్కన తిగానా, జిరెస్, ఫెర్నాండెజ్ ఉండేవాళ్ళు. ఆ నలుగురూ చిన్న చిన్న పాస్‌లు ఇచ్చుకుంటూ ఉంటే చూడడమే ఒక సుఖం.

బ్రెజిల్‌లో సోక్రటీస్ జెర్సీ నంబర్ 8 అయినా అతన్ని ఈ వరసలోంచి తీసేయలేను. చదువుకుని డాక్టరైన ఆటగాడు. పొడుగ్గా, గడ్డంతో, తలకి పట్టీ కట్టుకుని, బంతిని మడమతో వెనక్కి పంపడం అతని అలవాటు. వెనక ఎవరున్నారో తిరిగి చూసేవాడు కాదు. పెనాల్టీ కూడా పరుగు లేకుండానే కొట్టేవాడు. దేశంలో సైనిక పాలన సాగుతున్న రోజుల్లో కొరింథియన్స్ క్లబ్‌లో ఆటగాళ్ళు, సిబ్బంది అందరూ ఓట్లు వేసి నిర్ణయాలు తీసుకునే పద్ధతి తెచ్చిన వాళ్ళలో అతనూ ఒకడు. అలాంటి మనిషి ఆట కూడా అలాగే ఉంటుందని నాకనిపిస్తుంది.

అతను, జికో, ఫల్కావో, సెరెజో కలిసి ఆడిన 1982 ప్రపంచ కప్ మ్యాచ్‌లు నేను తర్వాతెప్పుడో టేపుల్లో చూశాను. ఇటలీతో డ్రా చేసుకున్నా సెమీస్‌కి వెళ్ళేవాళ్ళు. డ్రా కోసం ఆడడం వాళ్ళకి రాదు. రెండుసార్లు సమం చేశారు, మళ్ళీ గోల్ కోసమే వెళ్ళారు. పావ్‌లో రోసి మూడు గోల్స్ కొట్టి ఇంటికి పంపేశాడు. ఫలితం ముందే తెలిసి చూసినా గుండె బరువెక్కింది.

పాత రోజులంటే అన్నీ బంగారమని నేను అనను. ఆ కాలంలో ఈ ఆటగాళ్ళని తన్నిన తన్నులు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 1966లో పెలేని బల్గేరియా, పోర్చుగల్ డిఫెండర్లు కాళ్ళ మీద కొట్టి కుంటివాణ్ణి చేశారు. అప్పటికి ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్లు లేరు, కార్డులూ లేవు. ఆ రెండూ 1970లోనే వచ్చాయి. 1982లో ఇటలీ డిఫెండర్ జెంటిలే ఒక్క మ్యాచ్‌లో మారడోనా 23 సార్లు ఫౌల్‌కి గురయ్యేలా వెంటపడ్డాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో జికో జెర్సీ చిరిగిపోయింది. 1983లో బార్సిలోనాకి ఆడుతుండగా మారడోనా చీలమండ ఒక ట్యాకిల్‌తో విరిగింది. 1988 యూరో ఫైనల్‌లో గాల్లోంచి వచ్చిన బంతిని అసాధ్యమైన కోణం నుంచి గోల్‌లోకి కొట్టిన వాన్ బాస్టెన్, చీలమండ గాయాలతో 28 ఏళ్ళకే చివరి మ్యాచ్ ఆడేశాడు. 1998 ప్రపంచ కప్ నాటికి వెనక నుంచి ప్రమాదకరంగా కాళ్ళు తన్నేవాళ్ళకి రెడ్ కార్డు చూపించాల్సిందేనని గట్టిగా చెప్పారు. అది పదిహేనేళ్ళు ముందే జరిగి ఉంటే ఎన్ని ఆటలు దక్కేవో!

1990 ప్రపంచ కప్ కూడా మొత్తంగా చూస్తే నీరసమైన టోర్నీ. మ్యాచ్‌కి సగటున 2.21 గోల్స్, ప్రపంచ కప్ చరిత్రలోనే అతి తక్కువ. ముందున్న జట్టు బంతిని వెనక్కి గోల్‌కీపర్‌కి ఇచ్చేది, అతను చేత్తో పట్టుకుని మళ్ళీ డిఫెండర్‌కి దొర్లించేవాడు, డిఫెండర్ మళ్ళీ వెనక్కి. నిమిషాలకు నిమిషాలు అలాగే గడిచిపోయేవి. 1992లో ఆ తలుపు మూసేశారు. సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టుకోకూడదు. నా దృష్టిలో ఈ యాభై ఏళ్ళలో వచ్చిన అతి మంచి నిబంధన అదే. అప్పట్లో కొలంబియా గోల్‌కీపర్ హిగీటా గోల్ వదిలి ముందుకొచ్చి కాళ్ళతో ఆడుతుంటే పిచ్చివాడన్నారు. కామెరూన్‌తో మ్యాచ్‌లో 38 ఏళ్ళ రోజర్ మిల్లా అతని కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కుని గోల్ కొట్టాడు. ఇవాళ పెద్ద క్లబ్బులేవీ కాళ్ళతో ఆడడం రాని గోల్‌కీపర్‌ని కొనడం లేదు.

ఆ నీరసంలోనూ పదో నంబర్ వాళ్ళు కొన్ని క్షణాలు ఇచ్చారు. కొలంబియా మీద పశ్చిమ జర్మనీ చివర్లో గోల్ కొట్టి గెలిచేసింది అనుకున్నప్పుడు, కొలంబియా పదో నంబర్ వాల్డెరామా ఆ పసుప్పచ్చని జుట్టుతో మధ్యలో నిలబడి, హడావిడి లేకుండా రెండు పాస్‌లు ఇచ్చి పుచ్చుకుని, రింకాన్‌కి దారి చూపించాడు. ఇంజురీ టైమ్‌లో 1-1. స్పెయిన్‌తో మ్యాచ్‌లో యుగోస్లావియా ఆటగాడు స్టోయ్‌కోవిచ్ కొడతానన్నట్టు కాలెత్తి, డిఫెండర్ జారుకుంటూ ముందుకు వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా గోల్ కొట్టాడు. అలా ఆగగలగడమే అసలు విద్య.

ఆ విద్యకి గడువు తీరిపోతోందని అప్పటికే ఇటలీ క్లబ్ మిలాన్‌లో తేలిపోయింది. అరీగో సాకి అనే కోచ్, తాను ఎన్నడూ ప్రొఫెషనల్‌గా ఆడనివాడు, జట్టంతా ఒక్కటిగా కదిలే పద్ధతి నేర్పాడు. డిఫెండర్లకీ ఫార్వర్డ్‌లకీ మధ్య దూరం సుమారు 25 మీటర్లు మించకూడదు. బంతి పోయిన క్షణమే అందరూ మీద పడాలి. 1989, 1990 రెండేళ్ళూ యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోపియన్ కప్ వాళ్ళదే. 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో కొట్టారు. అద్భుతమైన జట్టు, అందులో సందేహం లేదు. కానీ పదో నంబర్ ఆటగాడు ఊపిరి పీల్చుకునే జాగా సరిగ్గా ఆ డిఫెన్స్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్యే ఉండేది. సాకి దాన్ని నొక్కేశాడు. చూసి నేర్చుకున్న వాళ్ళంతా అదే చేశారు.

1994 ప్రపంచ కప్‌లో ఆ సాకి ఇటలీ కోచ్, బాజియో అతని పదో నంబర్. నార్వేతో మ్యాచ్‌లో మొదటి అరగంట కూడా గడవకముందే గోల్‌కీపర్ పాల్యూకాకి రెడ్ కార్డు పడింది. ఇంకో గోల్‌కీపర్‌ని దించాలంటే ఒకరు బయటికి రావాలి. సాకి ఎవరిని పిలిచాడు? బాజియోని. తనవైపు వేలు చూపించుకుంటూ, ఇతనికి పిచ్చిపట్టిందా అన్నట్టు పెదవులు కదిపిన ఆ ముఖం నేను మరచిపోలేను. లెక్క ప్రకారం సాకి చేసింది సరైనదే, పది మందితో ఇటలీ 1-0తో గెలిచింది కూడా. ఒక కాలం వెళ్ళిపోవడం కళ్ళారా చూశానంటే అది ఆ మధ్యాహ్నమే. జట్టు కష్టంలో పడితే ముందుగా అక్కర్లేకుండా పోయేది ఆలోచించేవాడేనని అప్పుడే తేలిపోయింది.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. నాకౌట్ దశలో ఇటలీ కొట్టిన ఆరు గోల్స్‌లో ఐదు బాజియోవే. నైజీరియాతో 88వ నిమిషంలో సమం చేసింది అతనే, అదనపు సమయంలో గెలిపించిందీ అతనే. తొడ కండరం పట్టేసినా ఫైనల్ ఆడాడు. చివరికి ప్రపంచానికి గుర్తున్నది అతను పైకి కొట్టేసిన పెనాల్టీ ఒక్కటి. అంతకుముందే బరేసి, మసారో కూడా తప్పారు. అతను గోల్ కొట్టినా బ్రెజిల్‌కి ఇంకో కిక్ మిగిలే ఉంది. ఇవన్నీ ఎవరికి కావాలి!

ఇటలీ క్లబ్బుల్లో ఆ రోజుల్లో 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) మంత్రంలా నడిచింది. సాకి దగ్గర ఆడి, అతనికే సహాయకుడిగా పనిచేసిన ఆంచెలోటి పార్మా కోచ్‌గా ఉన్నప్పుడు జోలా అనే ఆటగాణ్ణి వింగ్‌కి, అంటే మైదానం అంచుకి జరిపాడు. జోలా చెల్సీకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు బాజియో వస్తానంటే, ఫార్వర్డ్ వెనక స్వేచ్ఛగా ఆడే చోటు నా పద్ధతిలో లేదన్నాడు. అది పొరపాటని ఆంచెలోటి తర్వాత తానే చెప్పుకున్నాడు. ఆ మాట విన్నాక అతని మీద గౌరవం పెరిగింది.

చివరికి బాజియోకి నీడ దొరికింది బ్రేషియా అనే చిన్న క్లబ్‌లో. అక్కడ పెద్దాయన మజోనే కోచ్. 2001లో ఆ క్లబ్‌కి అరువు మీద పిర్లో అనే కుర్రాడు వచ్చాడు. అతనూ పదో నంబర్ చోటులో పెరిగినవాడే. ఆ చోటులో బాజియో ఉన్నాడు కాబట్టి మజోనే పిర్లోని వెనక్కి, డిఫెండర్ల ముందుకి తెచ్చి నిలబెట్టాడు. అక్కడ ఎవరూ మీద పడరు, చూసుకోవడానికి సమయం ఉంటుంది. ఆ ఏప్రిల్‌లో టురిన్‌లో యువెంటస్‌తో మ్యాచ్. పిర్లో అంత వెనక నుంచి పొడవైన బంతి వేశాడు. 34 ఏళ్ళ బాజియో పరుగు ఆపకుండా, భుజం మీదుగా వస్తున్న దాన్ని కాలి కొసతో అందుకుని, ఆ తాకుతోనే గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌ని దాటేసి గోల్‌లోకి పంపాడు. పాతతరం పదో నంబర్‌కి కొత్తతరం పదో నంబర్ ఇచ్చిన పాస్ అది. ఇంతకంటే అందమైన గోల్ ఏదైనా ఉందంటే నాతో ఎవరైనా వాదించవచ్చు, నేను ఒప్పుకోను. తర్వాత మిలాన్‌లో పిర్లోని అదే చోట ఆడించింది, ఆ ఆంచెలోటియే.

రికెల్మే దగ్గరికి వచ్చేసరికి ఇక దాచుకునే చోటు కూడా లేదు. 2006 ప్రపంచ కప్‌లో జర్మనీతో క్వార్టర్ ఫైనల్, అర్జెంటీనా 1-0తో ముందుంది, 72వ నిమిషంలో అతన్ని తీసేసి డిఫెన్స్‌కి బలం చేకూర్చారు. ఎనిమిది నిమిషాలకి క్లోజా సమం చేశాడు, పెనాల్టీల్లో అర్జెంటీనా ఇంటికి. ఆ జట్టులో బంతిని తమ దగ్గర ఉంచగలిగిన మనిషి అప్పటికే బెంచీ మీద ఉన్నాడు.

డబ్బు గురించి, ఒప్పందం ముగిసిన ఆటగాడు డబ్బు కట్టకుండా వేరే క్లబ్‌కి వెళ్ళొచ్చన్న 1995 బాస్మన్ కోర్టు తీర్పు గురించి చాలామంది రాశారు, నేను తక్కువే చెబుతాను. ఆటగాళ్ళకి దక్కాల్సిన స్వేచ్ఛ దక్కింది, అది న్యాయం. స్టెవా బుకారెస్ట్, రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ లాంటి క్లబ్బులు యూరప్ కప్పు ఎత్తే రోజులు మాత్రం పోయాయి. వీడియో రిఫరీ సంగతి అంతకంటే బాధ. న్యాయం కోసమే తెచ్చారు, కాదనను. కానీ గోల్ పడ్డాక గీతలు గీసి తేల్చేదాకా సంతోషాన్ని గొంతులో పట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు.

ఇప్పటి ఆటగాళ్ళు పాతవాళ్ళకంటే వేగం, బలం, క్రమశిక్షణ ఉన్నవాళ్ళు. సగటు పాస్ కూడా ఎంతో కచ్చితం. ఒకప్పుడు ఒక్కడు చేసిన పనిని ఇప్పుడు డిఫెండర్లు, చివరికి గోల్‌కీపర్ కూడా పంచుకుంటున్నారు. మెస్సీ ఒక్కడే మిగిలాడు, 2022లో కూడా మైదానంలో నడుస్తూ. నెదర్లాండ్స్‌తో మ్యాచ్‌లో మోలీనాకి ఇచ్చిన పాస్ చూడండి. అటు చూడనే లేదు, బంతి మాత్రం అటే వెళ్ళింది. ఆ క్షణంలో నాకు అన్నయ్య ఫోన్ చేశాడు, ఇద్దరం ఒకేసారి "చూశావా" అన్నాం.

పాత మ్యాచ్ ఒక్కటి చూడాలంటే ఏది చూడమంటారని కుర్రవాళ్ళు అడిగితే, 1986 జూన్ 21న గ్వాదలహారాలో జరిగిన బ్రెజిల్, ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్ మొత్తం చూడమంటాను, హైలైట్స్ వద్దంటాను. కరేకా గోల్, ఆ రోజే 31 ఏళ్ళు నిండిన ప్లాతినీ గోల్, రెండు వైపులా ఆగని దాడులు. జికో బెంచీ మీద ఉన్నాడు. ముందు ఏడాది ఒక దారుణమైన ట్యాకిల్‌కి మోకాలు దెబ్బతిని, కోలుకోకుండానే వచ్చాడు. 70 నిమిషాలు దాటాక దిగాడు. దిగి రెండు మూడు నిమిషాలైనా కాలేదు, కాళ్ళు ఇంకా వేడెక్కలేదు, ఫ్రాన్స్ డిఫెన్స్‌ని చీలుస్తూ బ్రాంకోకి బంతి వేశాడు. గోల్‌కీపర్ బాట్స్ బ్రాంకోని పడగొట్టాడు. పెనాల్టీ. జికోయే కొట్టాడు, బాట్స్ ఆపేశాడు. షూటౌట్‌లో సోక్రటీస్ తప్పాడు, ప్లాతినీ తప్పాడు, జికో మాత్రం తన కిక్ గోల్ చేశాడు, అయినా బ్రెజిల్ ఓడింది. జికో పేరెత్తితే ఇప్పటికీ ఆ ఆగిపోయిన పెనాల్టీయే చెబుతారు. మీరు దానికి కొన్ని క్షణాల ముందుకి వెళ్ళి, బ్రాంకోకి వేసిన ఆ పాస్ చూడండి.